పిల్లల పాఠాల టీవీ మళ్లీ చూడాలంటే డిష్షా, కేబులా, ఫోనా?

టీవీలో వచ్చే బడి పాఠాలు పెద్దవాళ్లు ఖర్చు లేకుండా చూడాలంటే ఏ దారి మంచిది? ముందే నా సలహా చెప్పేస్తాను. ఇంట్లో టీవీ ఉంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్, అంటే డీడీ ఫ్రీ డిష్ బిగించుకోండి. టీవీ లేకపోతే దీనికోసం కొత్తగా కొనకండి, చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టండి. పాఠాల కోసమే కేబుల్ కనెక్షన్ తీసుకోవడం మాత్రం దండగ. కొందరి విషయంలో ఈ సలహా మారుతుంది, అది కూడా కిందే చెబుతాను.

ఇది రాస్తున్నది పిల్లల కోసం కాదు. పదో తరగతితోనో ఇంటర్‌తోనో చదువు ఆపేసి, కొబ్బరి దింపులు, మిల్లు లెక్కలు, రొయ్యల చెరువులు, కుట్టుమిషను, ఇంటి పని అంటూ ఇరవై ముప్పై ఏళ్లు గడిపేసిన మనలాంటి పెద్దవాళ్ల కోసం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రాబడి తగ్గినప్పుడు మా ఇంట్లో మొదట తెగినవి ఓటీటీలు, తర్వాత పెద్ద కేబుల్ ప్యాకేజీ. ఆ తర్వాత టీవీలో డబ్బు కట్టకుండా వచ్చేవాటిలో నన్ను కూర్చోబెట్టినవి బడి పాఠాలు. ఏడో తరగతి సైన్సు, ఆరో తరగతి సాంఘికం. చిన్నప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయినవి ఇవి. ఇప్పుడు పరీక్ష లేదు, బెత్తం లేదు. పైగా ఆ పాఠంలోని వస్తువులన్నీ మన చుట్టూనే ఉన్నాయి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల మీద పనిచేసే ప్రతి మనిషికీ తెల్లవారుజామున ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపకూడదని తెలుసు. ఆ వేళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలితే పంట పోయినట్టే. ఎందుకు పడిపోతుందో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఏడో తరగతి పాఠంలో అది ఉంది. ఎండ ఉన్నంతసేపు నీటిలోని పచ్చటి నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడితే తయారీ ఆగిపోతుంది, శ్వాసక్రియ మాత్రం ఆగదు. నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత కలిసి రాత్రంతా ఆక్సిజన్ వాడేస్తూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. నీళ్లు మరీ ఆకుపచ్చగా ఉన్న చెరువులో పగలు ఆక్సిజన్ బాగా ఎక్కి, తెల్లవారేసరికి అంత బాగానూ పడిపోతుంది. పన్నెండేళ్ల పిల్లలకు బొమ్మ గీసి చెప్పే ఈ సంగతి నలభై ఏళ్ల మనిషి వింటే, మబ్బు పట్టిన మర్నాడు ఏరేటర్లు ఇంకాస్త ముందు ఎందుకు వేయాలో తనంతట తనకే తెలుస్తుంది.

సాంఘికంలో నదుల పాఠమూ అంతే. వాలు తగ్గితే ప్రవాహం నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఒండ్రు దింపేస్తుంది, దారి పూడుకుపోయి నది పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా విడిపోవడం, వసిష్ఠ నుంచి వైనతేయ పుట్టడం, వాటి మధ్య కోనసీమ నిలబడడం మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన భూగోళమే. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట అక్కడే ఎందుకు కట్టారో ఆ పాఠం తర్వాతే నాకు అర్థమైంది. పాయలు విడిపోయే చోట నీటిని నిలబెడితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ వాలు మీదే కాలువలు పారతాయి, మోటార్ పెట్టి ఎత్తిపోయాల్సిన అవసరం లేదు.

ఇంత విలువైన పాఠాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఏ దారిలో తెచ్చుకోవాలన్నది కాస్త ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయమే.

ఫ్రీ డిష్

దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలుపెట్టినదే ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. నెలవారీ చందా లేదు, రీఛార్జి లేదు. గొడుగు (డిష్ యాంటెన్నా), బాక్సు, వైరు, బిగింపు కలిపి ఒకసారి దాదాపు 1500 నుంచి 2000 రూపాయలు అవుతుంది. కేబుల్‌కు నెలకు 300 కడుతున్నవాళ్లకు ఐదు నుంచి ఏడు నెలల్లో ఆ డబ్బు తిరిగొచ్చినట్టే.

ఇందులో మనకు కావలసినవి రెండు వరసలు. ఒకటి 2017 జులైలో ప్రారంభించిన స్వయంప్రభ ఛానెళ్లు. మొదట 32 ఛానెళ్లతో వచ్చాయి, ఎక్కువ భాగం కాలేజీ స్థాయి. రెండోది 2020 మేలో ప్రకటించిన పీఎం ఈ-విద్య. ఒకటో తరగతి నుంచి పన్నెండు వరకు తరగతికో ఛానెల్ అన్న లెక్కన 12 ఛానెళ్లు. వీటిని 200కు పెంచి ప్రాంతీయ భాషల్లోనూ పాఠాలు ఇస్తామని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. మొదటి 12లో హిందీ, ఇంగ్లీషు ఎక్కువ. కాబట్టి బాక్సు పెట్టగానే ఒకసారి ఆటో స్కాన్ చేసి, ఛానెళ్లు ఓపిగ్గా తిప్పి చూసి, తెలుగు పాఠాలు వచ్చేవాటిని ఫేవరెట్‌లో పెట్టుకోండి. కొన్ని నెలలకోసారి మళ్లీ స్కాన్ చేయండి, ఛానెళ్ల వరస మారుతూ ఉంటుంది. వీటికి తోడు దూరదర్శన్ తెలుగు ఛానెల్ డీడీ సప్తగిరి ఉంది. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు మన పదో తరగతి పిల్లలకు విద్యామృతం పేరుతో పాఠాలు చెప్పింది ఈ ఛానెలే.

స్వయంప్రభ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. రోజుకు కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే ఆ రోజులో ఇంకో ఐదుసార్లు తిప్పి వేయాలన్నది దాని పద్ధతి. ఉదయం ఆరుకు వంట పనిలో ఉండి తప్పిపోతే పదికి వస్తుంది, లేదంటే మధ్యాహ్నం రెండుకు. పనిచేసుకునే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

కొనేటప్పుడు కొత్త రకం, అంటే ఎంపెగ్-4 బాక్సే అడగండి. వంద రెండొందలు తక్కువకు పాత ఎంపెగ్-2 బాక్సు అంటగట్టే కొట్లు ఉన్నాయి, వాటిలో అన్ని ఛానెళ్లూ రావు. ఇంట్లో పాత డబ్బా టీవీ ఉన్నా పరవాలేదు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు పెట్టుకునే బాక్సు తీసుకుంటే సరిపోతుంది. ఎల్ఈడీ టీవీ అయితే హెచ్‌డీఎంఐ వైరు వాడండి, బోర్డు మీద అక్షరాలు బాగా కనిపిస్తాయి.

మన ప్రాంతంలో అసలు చిక్కు కొబ్బరి చెట్లు. ఫ్రీ డిష్ సిగ్నల్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అమలాపురం, పాలకొల్లు ప్రాంతం నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, ఆకాశంలో బాగా పైన, సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంత పైన ఉండడం మన అదృష్టం, దూరంగా ఉన్న తోట అడ్డు రాదు. గొడుగు ఉన్న మట్టం నుంచి చెట్టు ఎంత ఎత్తు లేచిందో చూసుకోండి. ఆగ్నేయం వైపు ఆ ఎత్తులో సగం దూరం లోపల చెట్టు ఉంటేనే ఇబ్బంది. మట్టలు పెరుగుతాయి, గాలికి ఊగుతాయి కాబట్టి కాస్త వెసులుబాటు ఉంచుకోండి. బిగించే అబ్బాయి ఎక్కడ సులువైతే అక్కడ పెట్టేసి వెళ్లిపోతాడు. దగ్గరుండి ఆగ్నేయం ఖాళీగా ఉన్న చోటు మీరే చూపించండి. మేడ పిట్టగోడ మీద కన్నా కింద గోడకు బిగిస్తే గాలివానకు తట్టుకుంటుంది, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బోల్టులు చూసుకోవడమూ తేలిక. జోరువాన కురుస్తున్నంతసేపు బొమ్మ ఆగిపోతుంది. వాన తగ్గగానే తిరిగి వస్తుంది, అందుకని మెకానిక్‌ను పిలవకండి.

కరెంటు సంగతి అడుగుతారేమో. 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ, బాక్సు కలిపి సుమారు 60 వాట్లు అనుకుంటే, రోజుకు రెండు గంటల చొప్పున నెలకు నాలుగు యూనిట్ల లోపే. పాత డబ్బా టీవీ అయితే దానికి రెట్టింపు దాకా పోవచ్చు.

కేబుల్

కేబుల్, ఫైబర్ కనెక్షన్ల గురించి చెప్పాల్సింది తక్కువ. ఛానెళ్ల ధరలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన పద్ధతిలో చాలాకాలం కనీస రుసుము 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలుగా నడిచింది. దాని మీద తెలుగు ప్యాకులు చేరితే 250, 350 అవుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ 2017లో టీవీ, నెట్, ఫోన్ మూడూ కలిపి 149 రూపాయలకు మొదలైంది. ఆ ధర ఇప్పుడు లేదు. దూరదర్శన్ ఛానెళ్లు ప్రతి ఆపరేటరూ ఇవ్వాల్సిందే. విద్యా ఛానెళ్లు అన్నీ ఇస్తారన్న నమ్మకం లేదు. మా దగ్గరి ఆపరేటరును అడిగితే అలాంటివి ఉన్నాయనే ఆయనకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు సీరియళ్లు, భక్తి ఛానెళ్లు వదలలేక కేబుల్ ఎలాగూ కడుతుంటే, ముందు ఆపరేటరును విద్యా ఛానెళ్ల నంబర్లు అడగండి. ఉంటే మీకు అదనపు ఖర్చు లేదు. లేకపోతే కేబుల్ వాళ్లకోసం వదిలేసి మీరు ఫోన్ వైపు వెళ్లండి.

పిల్లల వినోద ఛానెళ్లు వేరే సంగతి. 2021లో వచ్చిన ఈటీవీ బాలభారత్ లాంటివి తెలుగులో హాయిగా ఉంటాయి, మనవలతో కూర్చుని చూడొచ్చు. పాఠాల కోసం వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఫోన్

చాలామంది ఫోన్ ఉచితం అనుకుంటారు. 28 రోజులకు, రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాను ఇప్పుడు 300 రూపాయలకు దగ్గరగా ఉంది. ఏడాదికి పదమూడుసార్లు వేయించాలి, అంటే 3900 దాకా. ఫోన్‌పే కోసం, పిల్లలతో మాట్లాడడం కోసం ఆ ప్లాను ఎలాగూ వేయిస్తుంటే పాఠాలకు అదనంగా అయ్యేది సున్నా. పాఠాల కోసమే ప్లాను పెంచుకోవాల్సి వస్తే ఫ్రీ డిష్షే చవక. బొమ్మ స్పష్టత 480పీలో పెడితే గంట వీడియోకు అరజీబీ చుట్టూ ఖర్చవుతుంది కాబట్టి రోజుకు గంటన్నర నిశ్చింతగా చూడొచ్చు. 144పీలో పెట్టి డేటా మిగుల్చుకోకండి, బోర్డు మీద రాసింది కనిపించక విసుగొచ్చి మానేస్తారు. చాలా వీడియోలను యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. రాత్రి మిగిలిపోయిన డేటాతో దింపుకుని మర్నాడు చూసుకోండి.

ఫోన్‌లో ఉన్న గొప్ప సుఖం ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినగలగడం. భిన్నాల కూడిక ఒక్కసారి వింటే ఎక్కదు, మూడోసారికి ఎక్కుతుంది. టీవీ మనకోసం ఆగదు. ఇక పెద్ద కష్టం, పాఠం అవ్వగానే పక్కన కనిపించే తర్వాతి వీడియో. కోడిపందేల వీడియోనో, రాజకీయాల తిట్లో కంటపడితే గంట పోతుంది. సెట్టింగుల్లో ఆటోప్లే తీసేయండి, అది మొదటి పని. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు ఆరంగుళాల తెర మీద పటాలు, సమీకరణాలు చూడడం కష్టమే. నేను ఫ్రీ డిష్‌కు మొగ్గు చూపడానికి డబ్బు తర్వాత ఇదే పెద్ద కారణం. టీవీలో పాఠం అయితే పాఠమే, మరో దానిలోకి లాక్కెళ్లేది ఏదీ లేదు.

తెలుగులో కావాలంటే ఫోన్‌లో తెలంగాణ ప్రభుత్వ పాఠాల ఛానెల్ టీ-శాట్ విద్య చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే పేరుతో ఉన్నది తెలంగాణలో టీ-శాట్ అయింది. యూట్యూబ్‌లో వస్తుంది కాబట్టి గోదావరి జిల్లాల వాళ్లూ చూడొచ్చు. ఉచ్చారణ, యాస కొంచెం వేరు, పాఠం ఒకటే. బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన దీక్ష యాప్ 2017 నుంచి ఉంది. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠాల దగ్గర ఉండే క్యూఆర్ కోడ్‌ను ఆ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో తెరుచుకుంటుంది.

ఆ పుస్తకాలు కూడా డబ్బు పెట్టి కొనాల్సిన పనిలేదు. ఏప్రిల్‌లో పరీక్షలు అయ్యాక పక్కింటి పిల్లలు వదిలేసేవి, పాత పేపర్ల కొట్టుకు తూకానికి వెళ్లేవి అడిగి తెచ్చుకోండి. కొన్నేళ్లుగా ఇవి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఇంగ్లీషు నేర్చుకోవాలన్న కోరిక ఉన్న పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి పుస్తకం నాకు కనబడలేదు. తెలిసిన విషయాన్నే రెండో భాషలో చదువుతారు కాబట్టి భయం ఉండదు. టీవీ ముందు ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పాఠం రెండింతలు ఎక్కుతుంది.

ఏ తరగతి నుంచి?

పదో తరగతి చదివినవాళ్లు కూడా ఆరు, ఏడు, ఎనిమిది నుంచే మొదలుపెట్టమంటాను. సైన్సు, సాంఘికం ఆ మూడు తరగతుల్లో ఉన్నంత రుచిగా మరెక్కడా లేవు. విషయం పెద్దదే, భాష మాత్రం తేలిక. లెక్కలకు ఐదో తరగతికి దిగండి. భిన్నాలు, దశాంశాలు, శాతాలు గట్టిపడితే డ్వాక్రా అప్పు వడ్డీ, చిట్టీ పాట లెక్క మీరే వేసుకోగలరు. తొమ్మిది, పది ఆ తర్వాత. స్వయంప్రభలో ఐఐటీ ప్రవేశ పరీక్షల పాఠాలు కూడా వస్తాయి, అవి ఇంటర్ పిల్లలకు వదిలేయండి.

ఉన్న మాట చెప్పాలి, బడి పాఠాల ఛానెళ్లలో చాలా భాగం మాస్టారు బోర్డు ముందు నిలబడి చెప్పేవే. కొందరు ప్రాణం పెట్టి చెబుతారు, కొందరు చూసి చదువుతారు. పది నిమిషాలు చూసి నచ్చకపోతే మార్చేయండి. ఆట పాటలతో నడిచే మంచి పిల్లల కార్యక్రమాలు కావాలంటే ఫోన్ తప్పదు. అంకెల మీద బీబీసీ పిల్లల ఛానెల్‌లో 2017లో మొదలైన నంబర్‌బ్లాక్స్ చూడండి. ఇంగ్లీషే అయినా మాట తక్కువ, బొమ్మ ఎక్కువ. తొమ్మిదిని మూడు మూడులుగా, పన్నెండును మూడు నాలుగులుగా పేర్చి చూపిస్తుంటే ఎక్కాలు కంటితో అర్థమవుతాయి.

నేను అందరికన్నా ఎక్కువగా చెప్పేది అరవింద్ గుప్తా గారి వీడియోల గురించి. చెత్తలో పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపించిన మనిషి, ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వీడియోలు చాలావరకు నిమిషం, రెండు నిమిషాలే, డేటా ఖర్చు నామమాత్రం. అనేక భారతీయ భాషల్లో ఉన్నాయి. వాటిలో మోటార్ తప్పకుండా చేసి చూడండి. ఒక టార్చి సెల్లు, చిన్న అయస్కాంతం, రెండు పిన్నీసులు, ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ ముక్క చాలు. తీగ మన ఊళ్లలో మోటార్ వైండింగ్ షాపు దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు. తీగను చుట్టి, ఒక చివర పూత పూర్తిగా, రెండో చివర ఒక పక్క మాత్రమే గీకాలి. అలా సగమే గీకడం వల్ల ప్రతి తిరుగుడులో సగంసేపు కరెంటు ఆగుతుంది. లేకపోతే అయస్కాంతం ఒక పక్క తోసి, మరో పక్క వెనక్కి లాగి తీగను ఊపుతూ ఉంచేస్తుంది, తిరగనివ్వదు. చుట్ట గిరగిరా తిరగడం మొదలయ్యాక మీ బోరు మోటారు, ఫ్యాను, చెరువు మీది ఏరేటరు ఒక్కసారిగా పరిచయస్తులైపోతాయి. ముప్పై ఏళ్లుగా మోటార్లు నడిపే మా బాబాయి దాన్ని చూసి ఆ సాయంత్రం ఇంకో రెండు చేయించుకున్నాడు.

"పిల్లల పాఠాలు చూస్తున్నావేంటే" అని చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ (SITE) అనే ప్రయోగంలో తెలుగు కూడా ఒక భాష. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పెట్టిన ఆ టీవీ పెట్టెల్లో ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్లకు కార్యక్రమాలు వచ్చేవి. పెద్దలు టీవీ ముందు కూర్చుని నేర్చుకోవడం ఈ దేశంలో అంత పాత అలవాటు.

మీ ఇంటికి ఏది?

చెరువు గట్టు మీద షెడ్డులో రాత్రి కాపలా ఉండేవాళ్లకు ఫోనే సరి, ఇంటి వైఫైలోనో మిగిలిన డేటాతోనో దింపుకుని వెళ్లండి. పగలంతా ఇంట్లో ఉండి పనుల మధ్య చూసేవాళ్లకు, కళ్లజోడు పెట్టుకునే రిటైర్డు వాళ్లకు ఫ్రీ డిష్. కొబ్బరితోట నడిమధ్య ఇల్లుండి ఆగ్నేయం పూర్తిగా మూసుకుపోయినవాళ్లు డిష్ జోలికి పోకుండా, ఎలాగూ నెట్ కనెక్షన్ ఉంటే దాంతోనే టీవీలో యూట్యూబ్ పెట్టుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడకు రంధ్రాలు వేసే ముందు ఓనరును అడగండి. ఇల్లు మారినప్పుడు గొడుగు, బాక్సు విప్పి పట్టుకెళ్లొచ్చు, మళ్లీ బిగించడానికి కూలి మాత్రమే అవుతుంది. ఇప్పటికే మరో కంపెనీ డీటీహెచ్ గొడుగు మేడ మీద మూలన పడి ఉంటే చాలాసార్లు దాన్నే ఫ్రీ డిష్ దిక్కుకు తిప్పుకోవచ్చు. బాక్సు ఒక్కటే కొత్తది కొనాలి, ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. కొట్టుకు వెళ్లే ముందు మేడ ఎక్కి ఒకసారి చూసి రండి.